ఆకుముడతలో పట్టుబడ్డ పెంకు పురుగు

గట్టు మీద గడ్డి కనిపిస్తే నాకు ఒళ్ళు మండేది.

వ్యవసాయ శాఖలో ఇరవై ఆరేళ్ళు పని చేసి, యాభై రెండో ఏట నా అంతట నేనే ఉద్యోగం మానుకుని ఇంటికి వచ్చాను. కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "మేడమ్, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. వాళ్ళకు కావలసినవి నేను గెలిచిన కథలు. వాటికి సాక్ష్యంగా శాలువాలు బీరువాలో మడత విప్పకుండా పడి ఉన్నాయి, నేను వేరే చెప్పక్కర్లేదు. ఓడిపోయిన సంగతి ఒకటి చెబుతాను, వినండి. మీరు కూడా ఏదో ఒక రోజు ఓడిపోతారు కాబట్టి ఇదే పనికొస్తుంది.

గట్టంటే రెండు వరి మడుల మధ్య ఉండే మట్టి కట్ట. మా వైపు గెనిమ అంటారు, మడిని కయ్య అంటారు. గట్ల మీద కలుపు ఉంటే అందులో పురుగులు దాక్కుంటాయని, గట్లు శుభ్రంగా ఉంచాలని మా కాలేజీ పుస్తకంలో ఒక వాక్యం ఉండేది. వాక్యం అబద్ధం కాదు. కానీ పుస్తకంలో తక్కిన వాక్యాలన్నీ మర్చిపోయి ఆ ఒక్కదాన్ని మతంలా పట్టుకున్నదాన్ని నేను. తిరుపతి నుంచి పుత్తూరు పోయే దారిలో, వడమాలపేట చుట్టుపక్కల పల్లెల్లో తిరిగే ఉద్యోగం నాది. స్కూటర్ మీద పోతూ ఎక్కడైనా గడ్డి ఉన్న గెనిమ కనబడితే అక్కడే బండి ఆపి, "ఇది కయ్యా, మేకల బీడా?" అని రోడ్డు మీద నుంచే అరిచేదాన్ని. నా నోటికి భయపడి నాట్లకు ముందే పారలు పట్టుకుని ఎర్రమట్టి తేలేదాకా చెక్కేవాళ్ళు.

ఒకసారి టీ కొట్టులో నా వెనక బెంచీ మీద ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

"అలిపిరి దాటి కొండెక్కితే మనకు గుండు. ఈ మేడమ్ వస్తే గెనిమకు గుండు."

"దేవుడైతే మొక్కుకుంటేనే కొట్టిస్తాడప్పా. ఈమెకు మొక్కే పని కూడా లేదు."

నేను దాన్ని పొగడ్త అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

నా దగ్గర ఒక క్షేత్ర సహాయకుడు ఉండేవాడు. నాకంటే ఏడేళ్ళు పెద్ద, రిటైర్మెంటుకు దగ్గర పడినవాడు. పుత్తూరులో వాళ్ళ నాయన, వాళ్ళ తాత గడియారాలు బాగు చేసేవాళ్ళు. నేను ఆయన్ని భాయ్ అనేదాన్ని. చేతి గడియారాలు కట్టేవాళ్ళు తగ్గిపోయి కొట్టు మూసేశారు గానీ, కంటికి ఇరికించుకునే ఆ చిన్న భూతద్దం మాత్రం భాయ్ జేబులోకి చేరింది. నేను పొలంలో ఐదు నిమిషాల్లో చూసి తేల్చేసే దాని ముందు ఆయన ఆ అద్దం పెట్టుకుని అరగంట కూర్చునేవాడు. నాకు అది బద్ధకంలా కనిపించేది. రోజుకు రెండు మూడు సార్లు పోట్లాడుకునేవాళ్ళం. ఇంకా నయం, ఆయనకు కోపం నిలవదు. నాకు నిలుస్తుంది.

ఒక రోజు తిరుపతి నుంచి రిటైరైన స్కూలు మాస్టారు ఒకాయన నా ఆఫీసుకు వచ్చారు. చెరువు కట్ట కింద ఆయనకు రెండెకరాల మాగాణి ఉంది. ఒకామెకు కౌలుకిచ్చారు.

"అమ్మా, మనిషి మంచిదే, కష్టపడుతుంది. కానీ రెండు కార్లుగా పంట అంతంత మాత్రం. రోడ్డు వెంబడి అందరూ ప్లాట్లకు రాళ్ళు నాటేశారు. నన్నూ రోజూ అడుగుతున్నారు. ఈ కారు కూడా పోతే నేనూ మట్టి తోలించేస్తాను. మీరు ఒకసారి చూసి ఏం చేయాలో చెప్పండి. మీ మాట విని బాగుపడితే ఉంచుతాను" అన్నారు.

కారంటే మా వైపు పంట కాలం. అంటే ఆ రెండెకరాలూ ఆమెకు మిగలాలంటే ఆ ఒక్క పంట నిలబడాలి, అది నిలబెట్టే మాట నేను చెప్పాలి. నాకు భయం కలగాల్సింది. గర్వం కలిగింది.

మర్నాడే భాయ్‌ని వెంటబెట్టుకుని వెళ్ళాను. కట్ట నుంచి ఊట దిగే కయ్యలు అవి. ఎండాకాలంలో కూడా అడుగు వేస్తే కాలు దిగబడుతుంది. వరి పిలకలు తొడిగి పచ్చగా ఉంది. మూడు వైపులా గెనిమల మీద మోకాలెత్తు గడ్డి. ఒక వైపు మాత్రం కోసిన ఆనవాలు. కౌలుదారు ఆమెకు నలభై అయిదేళ్ళుంటాయి, చీర కుచ్చిళ్ళు దోపుకుని తూము దగ్గర చెత్త లాగుతోంది.

"ఏమ్మా, గెనిమల మీద ఇంత గడ్డి ఎందుకుంది?"

"ఆవులకు మేడమ్."

"ఆవులకైతే కోసి వెయ్యి. నిలబెట్టి పూజ చేస్తావా?"

"కోస్తానే ఉండా. ఈ వారం తూరుపు గెనిమ, వచ్చే వారం దక్షిణంది. ఒకే తూరి అంతా కోసేస్తే రేపు ఏం బెట్టేది వాటికి? నీ ఆఫీసు కాగితాలు బెట్టేదా?"

భాయ్ అటు తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

కయ్యలోకి దిగాను. అక్కడక్కడా ఆకులు గొట్టంలా ముడుచుకుని, తెల్లటి చారలు పడి ఉన్నాయి. ఆకుముడత. దాని పురుగు ఆకును రెండంచులూ కలిపి కుట్టుకుని లోపల కూర్చుని పచ్చదనం గీక్కు తింటుంది. ఒక ముడత విప్పాను. లోపల నుంచి ఒక పెంకు పురుగు బయటికి వచ్చింది. వడ్లగింజంత పొడవు. తల నలుపు, మెడ సన్నం, ఒళ్ళు ఇటుక రంగు, వీపు మీద నీలి నలుపు పట్టీలు రెండు, పట్టు చీర అంచులాగా. చీమలాగా చురుగ్గా పరుగెత్తింది. ఇంకో ముడత విప్పితే అందులోనూ అదే. నాలుగో దానిలో మళ్ళీ అదే.

"దొరికింది దొంగ" అన్నాను.

"జరా ఆగండి మేడమ్" అన్నాడు భాయ్. "ఆకుముడత పురుగంటే పచ్చగా మెత్తగా ఉంటాది గదా. ఇది పెంకుది. ముడతలో పెంట ఉండాది, పచ్చ పురుగు లేదు. అది యాడికి పోయినట్టు?"

"ఇది కొత్త రకం పురుగు భాయ్. ముడతలోనే దొరికింది. ఇంకేం సాక్ష్యం కావాలి?"

"ఇల్లు దోచినోడు ఆ ఇంట్లోనే కాపురం ఉంటాడా మేడమ్?"

"నాకు సామెతలు చెప్పొద్దు."

"సామెత కాదు మేడమ్, అడగతా ఉండా. నోరు సూద్దాం దీనిది." అద్దం తీసి కంటికి పెట్టుకోబోయాడు.

నేను ఆగలేదు. ఎందుకు ఆగలేదో ఇప్పుడు దాచడం ఎందుకు? మా ప్రాంతంలో ఎవరూ రాయని కొత్త చీడను నేను పట్టుకున్నానని, పై ఆఫీసుకు నివేదిక పంపాలని నా మనసు అప్పటికే సగం దూరం పోయింది. అక్కడే గట్టు మీద కూర్చుని చీటీ రాశాను. నాలుగు గెనిమలూ చెక్కాలి, గడ్డి తగలబెట్టాలి, ఫలానా మందు ఫలానా మోతాదులో కొట్టాలి. సంతకం, తేదీ.

ఆమె చీటీ తీసుకుని ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. మాస్టారిని ఆమె అయ్యోరు అనేది.

"అయ్యోరు నీ మాట వినమన్నాడు. వింటా. ఆవులకు ఏం బెట్టేదో అది కూడా రాసియ్యి మేడమ్."

అది నేను రాయలేదు. నా శాఖ కాదు.

కాలువ అవతల గట్టున మా ఆదర్శ రైతు పొలం ఉంది. ఆదర్శం అంటే నేను చెప్పింది చెప్పినట్టు చేసేవాడని. ఆయన గెనిమలు అద్దాల్లా ఉండేవి. ఆయనకూ అదే మందు చెప్పి, ఆ సాయంత్రమే కొట్టించాను.

మర్నాడు ఆమె, ఆమె చెల్లెలు కలిసి తూర్పు గెనిమ, ఉత్తరపు గెనిమ చెక్కేశారు. దక్షిణం, పడమర మిగిలి ఉండగా అల్పపీడనం పట్టుకుంది. కార్తీకంలో మా వైపు వాన మొదలైతే ఎప్పుడు ఆగుతుందో దానికే తెలియదు. నాలుగు రోజులు ఏకధారగా కురిసింది. వానలో మందు కొడితే నీళ్ళపాలే కాబట్టి ఆమె మందు కొట్టలేదు.

ఆ వానలోనే ఒక పొద్దున నేను ఆఫీసుకు వెళ్ళేసరికి నా టేబుల్ మీద, ఫైళ్ళ పైన, ఒక పచ్చడి సీసా ఉంది. అడుగున తడి మట్టి, అందులో గుచ్చిన వరి దంట్లు, మూతకు సూదితో పొడిచిన చిల్లులు. లోపల ఆ పెంకు పురుగులు రెండు తిరుగుతున్నాయి.

"భాయ్, ఏంటిది? తీసెయ్యి."

"తీస్తా మేడమ్. టీ తాగేసి వచ్చి తీస్తా. పచ్చ పురుగులు ఉన్న ముడతలు నాలుగు వేసినా లోపల. ఊరికే చెప్తా ఉండా" అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. అద్దం మాత్రం సీసా పక్కన వదిలి వెళ్ళాడు. మర్చిపోయే మనిషి కాదు.

కాసేపు ఫైలు చూశాను. చూస్తున్నట్టు నటించాను అనాలి. తర్వాత సీసా వైపు తిరిగాను. పెంకు పురుగు ఒకటి దంటు ఎక్కి, ముడుచుకున్న ఆకు దగ్గర ఆగి, మీసాలతో తడిమి, ఒక కొసన తల దూర్చింది. గొట్టం కదిలింది. నేను అద్దం కంటికి పెట్టుకుని సీసా దగ్గరికి లాక్కున్నాను. లోపలున్న పచ్చ పురుగు రెండో కొస నుంచి సగం బయటికి వచ్చి వేలాడింది. వెనకే వీడు. రెండు కొడవళ్ళు ఎదురెదురుగా పెట్టినట్టు ఉన్నాయి దవడలు. ఆకు గీకే నోరు కాదు అది. పట్టుకుని కోసే నోరు.

భాయ్ టీ తాగి వచ్చేటప్పటికి నాలుగు ముడతల్లో రెండు ఖాళీ.

"సీసా తీసెయ్యమంటారా మేడమ్?" అని అడిగాడు, చాలా వినయంగా.

"ఉండనీ" అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఎంత సేపు పట్టిందో ఆయన మర్యాదగా లెక్కపెట్టలేదు.

ఇంకా నాకు బుద్ధి రాలేదు. ఫోటో తీసి, కాలేజీలో మాకు కీటకాల పాఠం చెప్పిన మాస్టారికి పంపాను. ఆయన వెంటనే ఫోన్ చేశారు.

"ఇది ఒఫియోనియా కదమ్మా, నేల పెంకు పురుగుల జాతి. తడి నేలలో, గట్టు గడ్డిలో ఉంటుంది. వరి ఎక్కి ఆకుముడతను, పైరుకు పట్టే సుడిదోమను తింటుంది. ఎందుకడుగుతున్నావు?"

"ఊరికే సార్. చాలా రోజులైంది కదా చూసి."

"నువ్వు చూడకపోవడమేమిటి? మూడో సంవత్సరంలో దీన్ని సూది గుచ్చి పెట్టెలో పెట్టావు. కింద మిత్రపురుగు అని నీ చేతి రాత. ఆ పెట్టె ఇప్పటికీ ల్యాబులో ఉంది, కొత్త పిల్లలకు చూపిస్తుంటాం. అందరూ నీలాగా పేర్లు స్పష్టంగా రాయాలని చెబుతాను."

పిల్లలూ, మీకూ ఆ పెట్టెలు ఉంటాయి. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచి మనల్ని రైతు అడిగేది ఒకటే, దేన్ని చంపాలి అని. ఏళ్ళ తరబడి ఆ ప్రశ్నకే జవాబు చెప్పి చెప్పి, కనిపించిన ప్రతి కాళ్ళున్న జీవిలోనూ నాకు ముద్దాయే కనబడటం మొదలైంది. మంచి మార్కులు తెచ్చుకున్న మనుషులకు పట్టే జబ్బు ఇది. ఏమీ చదవని వాడు కనీసం అనుమానపడతాడు.

ఐదో రోజు వాన తెరిపిచ్చింది. భాయ్, నేనూ పొలానికి వెళ్ళాం. చెక్కేసిన తూర్పు, ఉత్తరం గెనిమల పక్కన వరి తెల్లబారి ఉంది. గడ్డి మిగిలిన రెండు వైపులా ముడతలు ఉన్నాయి గానీ, విప్పిన వాటిలో సగానికి సగం ఖాళీ. కాలువ దాటి ఆదర్శ రైతు పొలంలోకి వెళ్ళాను. మందు కొట్టిన పొలం. అన్నిటికంటే అదే తెల్లగా ఉంది. పెంకు పురుగు కోసం వెతికితే ఒక్కటి కనబడలేదు. సాలీడు కూడా లేదు.

ఆయన గట్టు మీద నిల్చుని, కోపం లేకుండా, నిజంగానే అర్థం కాక అడిగాడు. "మీరు చెప్పినట్టే చేసినా గదా మేడమ్?"

ఒక్క పొలం చూసి శాస్త్రం రాయకూడదని నాకు తెలుసు. వాన ఉంది, ఊట ఉంది, ఎరువు తేడా ఉంది. ఒక చిన్న పురుగును తీసుకొచ్చి దేవుణ్ణి చేయమని నేను మీకు చెప్పడం లేదు.

అవతల కౌలుదారు పొలం దగ్గర ఒక కారు ఆగింది. భూమి యజమాని మాస్టారు దిగారు. వెనకే వీపుకు మందు డబ్బా తగిలించుకుని ఒక మనిషి.

మేము కాలువ దాటి వెళ్ళేసరికి ఆమె ప్లాస్టిక్ కవర్లోంచి నా చీటీ తీసి ఆయనకు ఇస్తోంది. నాలుగు రోజుల వానలో మడత కూడా నలగలేదు దానికి.

"వాన తగ్గింది. మేడమ్ రాసిన ప్రకారం ఇవాళ కొట్టించేద్దాం" అన్నారు ఆయన.

"రెండు గెనిమలు సెక్కేది ఉండాది మేడమ్. ఇప్పుడే సెక్కేదా?" అని ఆమె పార అందుకుంది.

దారిలో నేను ఒక వాక్యం తయారు చేసుకుని వచ్చాను. "వర్షం కారణంగా పరిస్థితులు మారినందున, సలహాను సవరించడమైనది." ఎంత చక్కటి వాక్యమో చూడండి. అందులో ఎవరి తప్పూ లేదు. ఇరవై ఏళ్ళకు పైగా అలాంటి వాక్యాలతోనే బతికాను. నోటిదాకా వచ్చింది. భాయ్ నా వైపు చూడలేదు. వంగి తన చెప్పుకు అంటిన బురద గీక్కుంటున్నాడు. అంత శ్రద్ధగా బురద గీక్కునే అవసరం ఏ మనిషికీ ఉండదు.

"చెక్కొద్దు" అన్నాను. "మందూ వద్దు."

"ఎందుకని?" అన్నారు మాస్టారు.

"నేను రాసింది తప్పు."

ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు. "ఏ భాగం తప్పు?"

"మొత్తం తప్పే. తేదీ ఒక్కటి సరిగ్గా రాశాను."

అక్కడే గెనిమ మీద గడ్డి పక్కకు తీసి, భాయ్ అద్దం ఆయనకిచ్చి, ఆ పెంకు పురుగును చూపించాను. ఇది మన పంట తినదు, మన పంట తినేదాన్ని తింటుంది, వేట లేనప్పుడు ఈ గడ్డి వేళ్ళ దగ్గర తడిలో తలదాచుకుంటుంది, నేను దాని ఇల్లు తగలబెట్టమని రాసిచ్చాను అని చెప్పాను. మందు డబ్బా మనిషి డబ్బా దించి, తనూ ఒంగి చూశాడు.

"అంతా బాగుందమ్మా. వానకు ముందు ఇంతే నమ్మకంగా వేరే మాట చెప్పారు. మరి పంట పోతే?" అన్నారు మాస్టారు.

నేను నోరు తెరిచే లోపల ఆమె అందుకుంది. "పోతే నాకు కయ్య పోతాది అయ్యోరా. మేడమ్‌కు ఏం పోతాది? ఇంకో ఊరికి బదిలీ అయిపోతాది."

నా జీవితంలో చాలామందిని మాటలతో కొట్టాను. ఇంత సూటిగా నన్నెవరూ కొట్టలేదు. ఇందులో తిప్పి కొట్టడానికి ఏమీ లేదు, ఎందుకంటే అది నిజం.

చీటీ ఇలా ఇమ్మని తీసుకుని, వెనక్కి తిప్పి, భాయ్ వీపు మీద పెట్టి రాశాను. మొదటి వైపు రాసిన సలహా తప్పు. గెనిమలు చెక్కవద్దు, మందు కొట్టవద్దు. ఈ సలహా వల్ల పంట దెబ్బతింటే అది సలహా ఇచ్చిన నా తప్పు, కౌలుదారు తప్పు కాదు. సంతకం, తేదీ. రాయడం అయ్యాక భాయ్ నిటారుగా నిలబడి, అడగకుండానే పెన్ను తీసుకుని కింద సాక్షి అని రాసి తన సంతకం కూడా పెట్టాడు.

మాస్టారు రెండు వైపులా చదివారు. "తప్పు దిద్దిన కాగితం చూసి చాలా రోజులైంది" అని దాన్ని ఆమెకే తిరిగిచ్చారు. "సరే. కోతల దాకా చూస్తాను."

"రాసినావు బాగుండాది. దినామూ వచ్చి సూస్తావా?" అని అడిగింది ఆమె.

"వస్తాను."

"సూద్దాం."

ఈ సంగతి పై అధికారికి చేరకుండా ఉంటుందా? పిలిపించారు. "ఎవరైనా తప్పు చేశానని రాతపూర్వకంగా ఇస్తారా? నోటితో చెప్పి రావచ్చు కదా" అన్నారు.

"నోటితో చెబితే వారం తిరిగేలోపు నేనే మాట మార్చేస్తాను సార్. నా సంగతి నాకు తెలుసు."

తల పట్టుకుని, పొమ్మన్నారు.

రోజూ వెళ్ళాను. మొదటి వారం నా జీవితంలో చెడ్డ వారం. చెక్కేసిన రెండు వైపులా ముడతలు తగ్గకపోగా పెరిగాయి. ఎనిమిదో రోజు పొద్దున పుత్తూరులో మందుల షాపు ముందు స్కూటర్ ఆపాను. లోపలికి పోలేదు, వెంటనే బండి తిప్పనూ లేదు. అక్కడి నుంచి నేరుగా పొలానికి వెళ్ళి ఆమెతో ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"ఆ వైపు నాకు భయంగా ఉంది."

"నాకు నిన్నటి నుంచే ఉండాది" అంది ఆమె. "మా అత్త ఇట్టాంటప్పుడు కంప ఈడ్సేది. నువ్వేమంటావో అని అడగలా."

"రేగు కంపా?"

"ఆ. తాడుకు కట్టి వరి మీద ఈడస్తే ముడతలు విచ్చుకుంటాయి. పురుగు నీళ్ళలో పడతాది."

ఇది కూడా మా పుస్తకంలో ఉంది. ఏ పేజీలో ఉందో కూడా చెప్పగలను. అయినా నాకు తట్టలేదు. రేగు కొమ్మలు కొట్టుకొచ్చి పొడుగు తాడుకు కట్టాం. ఒక కొస ఆమె, ఒక కొస నేను. నా చీర మోకాళ్ళ దాకా బురద. ఉత్తరపు గెనిమ నుంచి మొదలుపెట్టాం.

"లాగబాక మేడమ్, ఈడ్సు. లాగితే దంటు విరుగుతాది."

"రెండూ ఒకటే కదా?"

"ఒకటి కాదు. సూడు నన్ను."

భాయ్ గట్టు మీద నుంచి, "నెమ్మదిగా మేడమ్, ఫైలు కాదు అది" అన్నాడు. ఆయన్ని కూడా కయ్యలోకి దించాను. మోకాళ్ళ నొప్పులని చెప్పినా వినలేదు.

మూడు రోజులు వరసగా ఈడ్చాం. నీళ్ళలో తేలిన పచ్చ పురుగులకు కొంగలు దిగాయి. అవతల గడ్డి గెనిమల నుంచి పెంకు పురుగులు కూడా మెల్లగా ఈ వైపుకు రావడం భాయ్ అద్దానికి చిక్కింది. తర్వాత వచ్చిన ఆకు చారలు లేకుండా వచ్చింది. వెన్ను తొడిగే పొట్ట దశకు పైరు తేరుకుంది. ఏది ఎంత పని చేసిందని నన్ను అడగకండి. కంపా, కొంగా, పెంకు పురుగూ, ఎండా ఎవరి వాటా వాళ్ళు తీసుకున్నారు. మందు మాత్రం చుక్క పడలేదు.

మాఘంలో కోత కోశారు. జిల్లాకంతా గొప్ప పంట అని చెప్పను. మంచి పంట. గత రెండు కార్ల కంటే బాగా మంచి పంట. మాస్టారు వచ్చి కుప్ప చుట్టూ తిరిగి, గింజ కొరికి చూసి, "బాగుంది. చూద్దాం" అని వెళ్ళిపోయారు. ఆ చూద్దాం అనే మాట ఆమెను నెలన్నర తినేసింది. పక్క పొలంలోకి టేపులు పట్టుకున్న మనుషులు దిగారు. రాళ్ళు నాటారు. ఆమె ప్రతి కారు శబ్దానికీ తల తిప్పి చూసేది. పశువుల పేడ తోలాలా వద్దా అని నన్ను అడిగేది.

ఆ మధ్యలో ఒక పొద్దున ఆదర్శ రైతు గంప, పార పట్టుకుని ఆమె గెనిమ దగ్గరికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. నన్ను చూసి కొంచెం నీళ్ళు నమిలాడు.

"అక్కా, నీ గెనిమ మీద నుంచి గడ్డి పెళ్ళలు రెండు గంపలు ఇస్తావా? మట్టితో సహా. నా గెనిమ మీద నాటుకుంటా."

"నీ గెనిమలు అద్దాలు గదబ్బా. మొకం సూసుకుంటా ఉంటివే?"

"సూసుకున్నా. బాగలేదు."

ఆమె నవ్వింది. "దండిగా తీయబాక. ఆవులకు ఉండాల. వరసగా కాకుండా ఆడొకటి ఈడొకటి తియ్యి."

ఆయన పెళ్ళలు కోస్తుంటే నేను గంప పట్టుకున్నాను. గడ్డి నాటడానికి నేను సాయం చేస్తానని ఎవరైనా ముందే చెప్పి ఉంటే వాళ్ళను ఆఫీసు నుంచి బయటికి పంపి ఉండేదాన్ని.

చెరువు నీళ్ళు వదిలే కాలానికి మాస్టారు వచ్చారు. బస్సులో వచ్చి, కట్ట మీద నుంచి నడుచుకుంటూ దిగారు. ఆమె తూము దగ్గర పని ఆపి, చేతులు కడుక్కోకుండానే లేచి నిల్చుంది.

"ఇంకో మూడు కార్లు చేసుకోమ్మా. ప్లాట్ల వాళ్ళకు వద్దని చెప్పేశాను" అన్నారు ఆయన.

ఆమె దండం పెట్టలేదు. ఏడవలేదు.

"రాసియ్యి అయ్యోరా."

"ఏంటి?"

"నోటి మాట నీది మంచిదే. నీ కొడుకులకు కూడా తెలియాల గదా. మేడమ్ అంత మేడమే రాసిచ్చింది. నువ్వు సదువు సెప్పినోడివి, నీకు ఎంత పని?"

మాస్టారు నా వైపు తిరిగారు. "ఇదంతా మీ నుంచే వచ్చిందమ్మా."

"అవునండీ. అలవాటు చేశాను" అన్నాను, పెన్ను ఇస్తూ.

ఆయన తన సంచిలోని నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, గట్టు మీద కూర్చుని, బళ్ళో బోర్డు మీద రాసినంత పొందికగా రాశారు. సంతకం పెట్టి ఇచ్చారు. ఆమె తడి చేతులు చీరకు తుడుచుకుని, కాగితం తీసుకుని, నాకు అందించింది.

"సదువు మేడమ్."

చదివాను. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

"మూడు అని అంకె వేసినాడా, అక్షరాల్లో రాసినాడా?"

"అక్షరాల్లో."

"అట్టయితే సరే" అని వంగి, తూముకు అడ్డం పెట్టిన గోనె లాగేసింది. నీళ్ళు కయ్యలోకి దిగాయి.